ఒక్కసారే అడుగుతారు

జనవరి 9, 1978. సోమవారం

వైకుంఠం గారు ఈవేళ అందరికీ తలా ఒక డైరీ ఇచ్చి, రోజూ ఇంగ్లీషులో రాసి శనివారాలు తనకు చూపించమన్నారు. అందులో ఈవేళ్టి పేజీ రాసేశాను. వాతావరణం చాలా బాగుంది, టీ చాలా బాగుంది, వైకుంఠం గారి ఉపన్యాసం చాలా బాగుంది. మూడూ అబద్ధాలే. నిజాలు రాసుకోవడానికి ఇన్సూరెన్సు ఏజెంటు ఇచ్చిన ఈ డైరీ ఉంది. ఇది తెలుగులోనే రాస్తాను. ఎవరికీ చూపించను.

మా కాలేజీలో ఇంగ్లీషులో పాఠాలు చెప్పాల్సినవాళ్ళకు ఇంగ్లీషు మాట్లాడ్డం రాదని పైవాళ్ళకు ఎలాగో తెలిసిపోయింది. నన్నే తీసుకోండి. ఎమ్మే ఇంగ్లీషు. ఆరేళ్ళుగా ఇంగ్లీషు పద్యాలు తెలుగులో చెబుతున్నాను. పిల్లలు వాటిని ఉర్దూలో అర్థం చేసుకుని పరీక్ష ఇంగ్లీషులో రాస్తున్నారు. ఎలా పాసవుతున్నారో నాకూ తెలియదు, వాళ్ళకూ తెలియదు.

అందుకని శాలిబండలో ఎవరో నవాబుగారి పాత బంగళా, దేవిడీ అంటారు, అద్దెకు తీసుకుని దానికి 'ఇంగ్లీష్ హౌస్' అని బోర్డు పెట్టారు. తొమ్మిది వారాలు, మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా, మేం పన్నెండు మందిమి అందులో ఇంగ్లీషువాళ్ళలా బతకాలి. వాళ్ళలా కూర్చుని, వాళ్ళలా తాగి, వాళ్ళలా తింటే భాష దానంతటదే వస్తుందట. వైకుంఠం గారు లీడ్స్‌లో తొమ్మిది నెలలు ఉండి వచ్చారు కాబట్టి ఆయనే ఇన్‌ఛార్జి. మెడకు మఫ్లరు చుట్టుకుని వచ్చారు. గుమ్మం దాటితే తెలుగూ ఉర్దూ బయట వదిలేయాలన్నారు. చెప్పులు మాత్రం వదలకూడదట, అక్కడ బూట్లతోనే లోపలికి వెళతారట. హాల్లో అట్టముక్కలతో ఒక చలికాచుకునే గూడు కట్టించి, లోపల కట్టెలు పేర్చి, వాటి వెనక ఎర్ర బల్బు పెట్టించారు. పైన పావురాలు ఉన్నాయి. అవి ఏ భాషా వదిలిపెట్టలేదు.

అసలు సంగతి చివర్లో చెప్పారు. కోర్సు అయ్యాక మాలో ఒకరిని ఇక్కడే రెసిడెంట్ ట్యూటర్‌గా ఉంచుతారు. పర్మనెంటు ఉద్యోగం. పైన ఉండడానికి రెండు గదులు. నాది టెంపరరీ, ఏప్రిల్ ఆఖరుకు సరి. ఇంటికొచ్చి రాధకు చెబితే, "ఆ గదుల్లో కుళాయి ఉందా?" అంది. ఉందన్నాను. మలక్‌పేటలో మా ఇంటావిడ మోటారు ఎప్పుడు వేస్తే అప్పుడే మాకు నీళ్ళు. రాధ ఇంకేమీ అడగలేదు గానీ, అన్నం పెడుతూ తనలో తనే నవ్వుకుంది.

ఉద్యోగం నాకే వస్తుంది. మిగతా పదకొండు మందినీ చూశాను కదా.

జనవరి 10

మొదటి టీ పార్టీ. అద్భుతం.

దేవిడీలో వంటకు బాబూమియాను పెట్టారు. ఇదివరకు పెళ్ళిళ్ళలో వండేవాడు. ఆయనకు తలపాగా, నడుముకు పటకా కట్టి బట్లర్‌ను చేశారు. వైకుంఠం గారు ముందే చెప్పారు, "ఇంగ్లండులో ఒక్కసారే అడుగుతారు. వద్దంటే వద్దనే. మళ్ళీ అడగడం అమర్యాద."

బాబూమియా కేకు పళ్ళెం పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరా వంగాడు. కేక్ సార్? ఎంత ఆకలేసినా మొదటిసారే చెయ్యి చాచేవాడు మనిషేనా? అందరం నో థాంక్యూ అన్నాం, రెండోసారి అడుగుతాడని. అతను ముందుకు వెళ్ళిపోయాడు. హిస్టరీ లెక్చరరు మెడ తిప్పి పళ్ళెం వంకే చూస్తూ ఉండిపోయాడు. కేకు వచ్చినదారినే వంటింట్లోకి వెళ్ళింది, ఒక్క ముక్క తక్కువగా.

ఆ ఒక్క ముక్క మజీదా తీసుకుంది. బాటనీ డిమాన్‌స్ట్రేటరు, బార్కస్ నుంచి వస్తుంది. అలా అడగ్గానే ఇలా తీసుకుని, అందరి ఎదుటా మొత్తం తినేసింది. నాకే సిగ్గేసింది.

వెళ్ళేటప్పుడు బాబూమియా గుమ్మం అవతల నన్ను పట్టుకుని, "ఏంది సాబ్ గీ లొల్లి? ఒక్కపారి అడిగి ప్లేటు తీస్కపోవుడేంది? గిట్ల దుష్మన్‌కు గూడ పెట్టరు," అన్నాడు. చాలా బాధగా ఉన్నాడు. కేకు మిగిలినందుకు కాదు, తన పరువు పోయినందుకు.

ఇంగ్లీషు డైరీలో: కేకు చాలా బాగుంది.

జనవరి 18

ఈవేళ క్యూ పాఠం. చార్మినార్ బస్టాపుకు తీసుకెళ్ళి అందరినీ ఒకరి వెనక ఒకరిని నిలబెట్టారు. ముందు వైకుంఠం గారు మఫ్లరుతో. బస్సు వచ్చింది, జనం ఎక్కారు, వెళ్ళిపోయింది. ఇంకో బస్సు, అదీ అంతే. మేం మాత్రం వరస చెడకుండా వాతావరణం గురించి మాట్లాడుకున్నాం. నిన్నటి ఎండే ఈవేళా కాసింది, మాట్లాడ్డానికి పెద్దగా ఏమీ దొరకలేదు. ఒకాయన వచ్చి, ఇక్కడ కిరసనాయిలు ఇస్తున్నారా అని అడిగి మా వెనక నిలబడ్డాడు.

నాలుగో బస్సుకు మజీదా వరసలోంచి బయటికొచ్చి మోచేతులతో దారి చేసుకుని ఎక్కేసింది. కిటికీలోంచి మాకు చెయ్యి ఊపింది. ఈవిడకు సంస్కారం ఎవరు నేర్పుతారు?

జనవరి 27

వైకుంఠం గారు నా వాక్యాలు మెచ్చుకున్నారు. అందరి ముందూ.

ఫిబ్రవరి 3

మజీదాతో మాట్లాడక తప్పింది కాదు. వయసులో చిన్నది, ఎవరో ఒకరు చెప్పాలి కదా. గుమ్మం బయటికి రాగానే చెప్పాను, ఏదైనా అడగ్గానే యెస్ అనడం బాగుండదని, ఇంగ్లీషువాళ్ళయినా సరే మనుషులే కాబట్టి లోపల ఏమనుకుంటారో అని.

"ఆకలయితుంటే వద్దని ఎట్లంట రావ్‌సాబ్?" అంది. "మా ఇంట్ల అయితే నేను గూడ వద్దనే అంట. అమ్మీజాన్ వదలదు, పళ్ళెంల ఏసే దాక అడుగుతది. గీడ అడిగేటోళ్ళు లేరు కద. మరి ఫాయిదా ఏంది?"

కేకు సంగతైతే నాకూ అర్థమైంది, ఇప్పుడు నేనూ మొదటిసారే తీసుకుంటున్నాను. అది తిండి. పెద్ద విషయాలు వేరు. నా పెళ్ళి సంగతే ఉంది. రాధ వాళ్ళ నాన్నగారు మా ఇంటికి మూడుసార్లు వచ్చారు. మొదటి రెండుసార్లూ ఇప్పుడప్పుడే పెళ్ళి వద్దన్నాను. రాధ ఫోటో చూసిన రోజునుంచీ నిద్ర లేదు, అయినా అన్నాను. మూడోసారికి ఒప్పుకున్నాను. అలా ఉంటేనే మనిషికి విలువ. ఇదంతా మజీదాకు చెప్పాను. "మూడోపారి రాకుంటే?" అంది. రాకపోవడమేమిటి, వచ్చారుగా.

ఫిబ్రవరి 4

నీళ్ళు రాలేదు.

ఫిబ్రవరి 20

మిసెస్ టల్లీ వచ్చారు. ఇంగ్లండు నుంచి, ఈ కోర్సు ఎలా నడుస్తుందో చూడ్డానికి. రెసిడెంట్ ట్యూటరు ఎవరన్నది ఆవిడే తేలుస్తారు. అరవై ఏళ్ళుంటాయి, పూల గౌను, పెద్ద టోపీ. ఎర్ర బల్బు ముందు కూర్చోబెడితే, ఇంత ఎండలో ఇది ఎందుకని అడిగారు. వైకుంఠం గారు మఫ్లరు సర్దుకున్నారు.

బాబూమియా నెలన్నర బిగబట్టినవాడు, అసలు ఇంగ్లీషు అతిథి కనబడేసరికి ఆగలేకపోయాడు. ఆవిడ టీ వద్దంటే మళ్ళీ అడిగాడు, వద్దంటే మళ్ళీ అడిగాడు, చివరికి ఆవిడ కప్పు మీద చెయ్యి పెట్టి మూసేసుకున్నారు. వేళ్ళు కాలేవి కొంచెంలో. మేమంతా నవ్వాపుకోలేక చచ్చాం. పాపం, వద్దంటే ఆవిడకు నిజంగానే వద్దట.

మార్చి 1, బుధవారం

అడిగింది!

టీ అయ్యాక మిసెస్ టల్లీ నన్ను పక్కకు పిలిచి, "మిస్టర్ రావ్, ఈ రెసిడెంట్ ట్యూటర్ పని మీకిస్తే బాగుంటుందని అనుకుంటున్నాం. మీరు తీసుకుంటారా?" అంది. అంతా ఇంగ్లీషులోనే, నాకు ప్రతి మాటా అర్థమైంది.

నా జవాబు ఇక్కడ రాసి పెట్టుకోవాలి. అంత చక్కటి ఇంగ్లీషు నా నోట ఎప్పుడూ రాలేదు. "లేదు మేడమ్, నేనెంతటివాణ్ణి. నాకంటే పెద్దవాళ్ళు, తెలిసినవాళ్ళు ఎందరో ఉన్నారు. ఇంత బరువు నాకు వద్దు." ఒక్క తప్పు లేదు.

"నిజంగానా?" అంది. అది అడగడం కింద రాదు, ఆశ్చర్యపడడం కింద వస్తుంది. నిజంగానే అన్నాను, కళ్ళు దించుకుని. ఆవిడ నా వంక చాలా గౌరవంగా చూసింది.

రాధ విని, "అయితే ఒప్పుకున్నట్టా?" అంది. మొదటిసారే ఎలా ఒప్పుకుంటాను, మళ్ళీ అడుగుతుంది కదా అన్నాను. రాధ ఏదో అనబోయి ఆగింది. పైగదిలో వంట ఏ మూల పెట్టుకోవాలో నేను కాగితం మీద గీసి చూపిస్తే చూసింది మాత్రం.

మార్చి 2

అడగలేదు. తలనొప్పిగా ఉందట, తొందరగా వెళ్ళిపోయింది.

మార్చి 3

మిసెస్ టల్లీకి మూడుసార్లు ఎదురుపడ్డాను. రెండుసార్లు గుడాఫ్టర్నూన్ అంది. మూడోసారి వాతావరణం గురించి మాట్లాడింది. మొహమాటపడుతోంది.

మార్చి 5, ఆదివారం

గుర్రప్పందేల జనంతో వీధంతా గోల. ఇంట్లో నీళ్ళు లేవు.

మార్చి 6

సాయంత్రం ఇంటికి బయల్దేరుతుంటే మజీదా గుమ్మం బయట నా కోసం నిలబడి ఉంది.

"రావ్‌సాబ్, ఒక్క మాట. మిసెస్ టల్లీ గిప్పుడే నన్ను అడిగింది, ట్యూటర్ పని చేస్తవా అని. ముందుగాల్ల మిమ్మల్ని అడిగితే వద్దన్నరంట. నిజమేనా?"

 మొహం మామూలుగానే పెట్టాననుకుంటాను. నిజమేనన్నాను.

"నేనింకా ఏం చెప్పలే. రేపు చెప్త అన్న. మీకు కావాలంటే చెప్పుర్రి, నేను తీస్కోను. కసమ్."

ఒక ఆడపిల్ల, నాకంటే చిన్నది, నిన్నటిదాకా నేనే మర్యాద నేర్పిన మనిషి, ఇప్పుడు నడివీధిలో నిలబడి ఆవిడ వదిలేస్తే నేను ఏరుకోవాలా? "నాకెందుకండీ అది. మీరు హాయిగా తీసుకోండి," అన్నాను.

"ఇంకోపారి అడుగుతున్న. దిల్‌ల ఏమన్న ఉంటే చెప్పుర్రి సాబ్. మీ నౌకరీ ఏప్రిల్‌ల అయిపోతదని నాకెరుకే."

"ఛ, అదేం లేదు. నాకు వేరేచోట ఉంది," అన్నాను. ఎక్కడ ఉందో దేవుడికి తెలియాలి.

ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసింది. తర్వాత, "సరే, రావ్‌సాబ్," అని బస్టాపు వైపు వెళ్ళిపోయింది. రోడ్డు దాటేదాకా చూస్తూ నిలబడ్డాను. వెనక్కి తిరుగుతుందనుకున్నాను.

మార్చి 7

మూడోసారి అడిగి ఉంటే ఒప్పుకునేవాణ్ణి. ఖాయంగా ఒప్పుకునేవాణ్ణి.

మార్చి 10, శుక్రవారం

కోర్సు ముగింపు సభ. మజీదా పేరు చదివారు. చప్పట్లు కొట్టాను, అందరికంటే గట్టిగా కొట్టాననిపించింది.

తర్వాత మిసెస్ టల్లీ నా దగ్గరికి వచ్చి, "మిస్టర్ రావ్, మీ నిజాయితీ నాకు ఎంతో నచ్చింది. తనకు ఏం వద్దో తెలిసిన మనిషి అరుదు," అంది. థాంక్యూ అన్నాను. ఇంకేమంటాను. ఆవిడ వ్యంగ్యంగా అనలేదు, అదే కదా ఖర్మ.

వైకుంఠం గారు మెట్ల దగ్గర నా మోచెయ్యి పట్టుకుని, తన రూలు తనే మరిచిపోయి అసలు తెలుగులోకి దిగారు. "ఏందయ్యా భాస్కర్రావ్, పిచ్చా నీకు? మొదటి నుంచి ఆమె నీ పేరే రాస్కున్నది. ఎందుకు వద్దంటివి?"

ఎందుకు వద్దన్నానో ఇంగ్లీషులో చెప్పడం కష్టం. తెలుగులో ఇంకా కష్టం. చేతగాదనుకున్నానని చెప్పాను.

"ఇగ నా చేతుల ఏం లేదు. జూలై బ్యాచ్‌కు ఒక అసిస్టెంట్‌ను తీస్కుంటం, ఏడాది పని. మజీదా ఎవర్ని అంటే వాళ్ళనే. ఆమెనే అడుగు," అని వెళ్ళిపోయారు. నేను మజీదాను అడగాలట!

ఇంగ్లీషు డైరీ వాపసు ఇచ్చేశాను. ఆఖరి పేజీలో, ఈ తొమ్మిది వారాల్లో ఎంతో నేర్చుకున్నాను అని రాశాను.

మార్చి 13

మజీదా పైగదులకు సామాను మార్చిందట, వాళ్ళ అమ్మతో సహా. బాబూమియా చెప్పాడు. కుళాయి బాగా వస్తోందని కూడా చెప్పాడు, నేను అడక్కపోయినా.

రాధకు చెప్పలేదు. ఆ ఉద్యోగం సంగతి ఇంకా తేలలేదనే చెబుతున్నాను. ఒకవిధంగా తేలలేదు కూడా, మజీదాకు ఇష్టంలేక మానేస్తే మళ్ళీ నన్నే కదా పిలవాలి.

మార్చి 16

మానేయలేదు.

మార్చి 19, ఆదివారం

రాధకు తెలిసింది. నేను చెప్పలేదు. వారం నుంచీ తెలుసట. హిస్టరీ లెక్చరరు భార్య కూరగాయల బండి దగ్గర చెప్పిందట. నాతో ఒక్క మాటా అనలేదు ఇన్నాళ్ళూ, నేను చెబుతానేమో అని చూసిందట.

మధ్యాహ్నం అన్నాలు తింటున్నాం. పప్పు వెయ్యనా అని అడిగింది. వద్దన్నాను. గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మళ్ళీ వస్తుందనుకుని కూర్చున్నాను. కంచంలో అన్నం ఎండిపోతోంది. ఎంతకీ రాదు. ఏడేళ్ళ కాపురంలో ఎన్నడూ ఇలా లేదు, వద్దు వద్దంటుంటే వేస్తుంది, అలవాటు. చివరికి, ఏమిటిది రాధా, అని కేక వేశాను.

గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కోపం లేదు, అది చూసే నాకు భయమేసింది. "మీతో ఒకటి ఎప్పుడూ చెప్పలేదు," అంది. "మన పెళ్ళికి ముందు నాన్న మీ ఇంటికి మూడుసార్లు వచ్చారని అందరికీ గొప్పగా చెబుతారుగా. రెండోసారి మీరు వద్దన్నాక నాన్న ఇంక వెళ్ళనన్నారు. ఆ అబ్బాయికి ఇష్టంలేదు, వేరే సంబంధం చూద్దాం అన్నారు. నేనే ఏడ్చి పంపించాను. మీ ఫోటో పట్టుకుని రెండు రోజులు అన్నం తినలేదు."

 ఏడేళ్ళుగా ఆ మూడోసారి నా విలువ అనుకుంటూ తిరిగాను. అది నాది కాదు, రాధది. ఆ రోజు ఈవిడ ఏడవకపోతే ఈ కంచం ముందు ఇంకెవరో ఉండేవారు, నేను ఎక్కడో కూర్చుని ఇంకా అడిగించుకోవాలని చూస్తూ ఉండేవాణ్ణి. 

"ఈసారి నేను ఎవరినీ పంపలేను," అంది. "మీరే వెళ్ళాలి."

కాసేపటికి లేచి, ఎంగిలిచేత్తోనే కంచం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. కొంచెం పప్పు వెయ్యి, అన్నాను. వేసింది.

మార్చి 20, సోమవారం

దేవిడీకి వెళ్ళాను. హాల్లో ఎర్ర బల్బు తీసేశారు. అట్టగూట్లో మజీదా మొక్కల కుండీలు పెట్టింది. ఆవిడ వైకుంఠం గారి పాత బల్ల దగ్గర కూర్చుని ఉంది. గుమ్మం దాటాక తెలుగు మాట్లాడకూడదన్న సంగతి గుర్తుంది, అయినా దారంతా తెలుగులోనే కూడబలుక్కుంటూ వచ్చాను, ఇంకో భాషలోకి మార్చేంత ఓపిక లేదు.

"మజీదా గారూ, ఆ అసిస్టెంటు పని నాకు కావాలి," అన్నాను.

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "అయ్యో, మీకెందుకు రావ్‌సాబ్ గంత చిన్న పని? మీ అంతటోళ్ళకు," అంది.

మొదట అవమానమనుకున్నాను. తర్వాత కళ్ళు చూశాను. నవ్వుతున్నాయి. నా మాటలే నాకు పెడుతోంది, ఒక్క ముక్క తక్కువ కాకుండా. వెనక్కి తిరిగి వెళ్ళిపోదామని ఒక క్షణం అనిపించింది. బయట ఎండ మండిపోతోంది.

"కావాలండీ," అన్నాను.

"మొహమాటానికి అంటున్నరు. మీకు వేరే జాగల నౌకరీ ఉన్నదంటిరి కద."

"లేదు. ఆ రోజు అబద్ధం చెప్పాను. ఏప్రిల్ తర్వాత నాకు ఎక్కడా ఏమీ లేదు."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "గది ఆ దినమే చెప్తే అయిపోవు కద సాబ్," అంది మెల్లగా. "నేను రెండుసార్లు అడిగిన. మూడోపారి అడుగుదామని బస్టాపు కాడ చానాసేపు నిలబడ్డ. మీరు వస్తరేమో అని చూసిన. నాకు గూడ ఆ నౌకరీ మస్తు కావాలె, రావ్‌సాబ్. వెనక్కి వచ్చి అడిగేంత మంచిదాన్ని కాను."

ఆవిడ అక్కడ నిలబడితే నేను ఇక్కడ నిలబడ్డాను. మధ్యలో ఒక రోడ్డు.  పైన పావురాలు మాత్రం మాట్లాడుతూనే ఉన్నాయి.

"ఇంకొక్కపారి అడుగుర్రి," అంది, మళ్ళీ నవ్వు మొహం పెట్టి. "మూడు కావాలె కద మీ లెక్కకు. గీడ ఇంగ్లీష్ రూల్ గూడ యాదుంచుకోవాలె."

మూడోసారి ఇంగ్లీషులో అడిగాను. ప్లీజ్ అని కూడా అన్నాను. వాక్యం ఎక్కడో తిరగబడింది, వైకుంఠం గారు ఉంటే మఫ్లరులో మొహం దాచుకునేవారు. ఆవిడ యెస్ అంది, వెంటనే. జూలై ఒకటిన వచ్చి చేరమంది.

బాబూమియా కేకు తెచ్చాడు. తలపాగా లేదు, కానీ తొమ్మిది వారాల అలవాటు పోలేదు, ఒక్కసారే అడిగాడు. రెండు ముక్కలు తీసుకున్నాను. ఒకటి అక్కడే తిని, రెండోది రాధ కోసం జేబురుమాల్లో కట్టుకున్నాను. ఇంగ్లండులో అలా చేస్తారో లేదో ఎవరినీ అడగలేదు.